బల్లుల బ్లాగుకు ఒకే ఒక్క కామెంటు

మానవజాతి ఇంతవరకు కనిపెట్టినవాటిలో అత్యున్నతమైనది నిప్పు కాదు, చక్రం కాదు, ముందస్తు అనుమతి. నిప్పూ చక్రమూ అది లేకుండానే పుట్టేశాయి కాబట్టి వాటి విషయంలో ఇప్పుడు ఎవరూ చేయగలిగింది లేదు. పరిశోధన విషయంలో మాత్రం అలాంటి పొరపాటు జరగనివ్వకూడదని మా విశ్వవిద్యాలయం గట్టిగా నిశ్చయించుకుంది. ఆ నిశ్చయానికి పరిశోధక బ్లాగుల సహజత్వ పర్యవేక్షణ విభాగం అని పేరు పెట్టారు. నేను దానికి సభ్య కార్యదర్శిని.

మా విభాగం పరిపాలనా భవనంలో మెట్ల కింద గదిలో ఉంటుంది. పూర్వం అందులో విరిగిన కుర్చీలు పడేసేవాళ్ళు. ఇప్పుడు వాటి మీద మేం కూర్చుంటున్నాం.

ఇదంతా ఎలా మొదలైందంటే, మా ఉపకులపతి గారు ఎక్కడో సదస్సుకు వెళ్ళి, భోజనాల దగ్గర పక్కాయన చెప్పిన మాట ఒకటి పట్టుకొచ్చారు. ప్రపంచంలో పరిశోధకులంతా బ్లాగులు రాస్తున్నారట. చేసే పనిని చేస్తూ చేస్తూనే నలుగురికీ అర్థమయ్యే మాటల్లో చెప్పేస్తున్నారట. అలా రాస్తుంటేనే వాళ్ళకి ఆలోచన తేటపడుతోందట, తప్పు రాస్తే చదివినవాళ్ళు కింద చెబుతున్నారట. ఆయన తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది. మొదటి పేరాలో, ఇకమీదట ప్రతి పరిశోధకుడూ బ్లాగు రాయాలని, సహజంగా, స్వేచ్ఛగా, అప్పటికప్పుడు మనసుకు ఏది తోస్తే అది రాయాలని ఉంది. రెండో పేరాలో, అలా తోచబోయేదాన్ని ముందు నెలాఖరులోగా మా విభాగానికి తెలియజేసి అనుమతి పొందాలని ఉంది. రెండు పేరాల మధ్యా కాస్త ఖాళీ వదిలారు. (ఆ ఖాళీ దేనికని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.)

పద్ధతి చాలా సులువు. పరిశోధకుడు ఒక దరఖాస్తు నింపాలి. తోచబోయే ఆలోచన ఏమిటి, అది ఏ తేదీన తోచును, ఆ తేదీన తోచని పక్షంలో దానికి బదులు ఏది తోచును అని అందులో గడులుంటాయి. గైడు సంతకం పడ్డాక అది మా దగ్గరికొస్తుంది. సహజంగా ఉందో లేదో మేం చూస్తాం. లేకపోతే సహజంగా చేసి పంపుతాం. పోస్టులో హాస్యం ఉన్నట్టు అనుమానం వస్తే హాస్య ఉపసంఘానికి వెళుతుంది. అక్కడ సభ్యులందరూ నవ్వాలి, నవ్వినట్టు సంతకాలు చేయాలి. వృక్షశాస్త్రంలో ఒకాయన రాసిన జోకు 'రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు' అన్న వ్యాఖ్యతో తిరిగొచ్చింది. ఆశ్చర్యార్థకాలు కావాలంటే స్టోర్సులో ఇండెంటు పెట్టుకోవాలి.

మా విభాగాధిపతిని అందరూ సహజత్వాధికారి గారంటారు. ఇక్కడికి రాకముందు ఆయన పరీక్ష హాళ్ళలో బెంచీలకు నంబర్లు వేయించేవారు. బ్లాగులు ఆయన కాగితం మీదే చదువుతారు. లింకు ఉన్న మాట కింద నీలం గీత కనిపిస్తే వేలితో నొక్కి చూస్తారు. అయినా తెరుచుకోకపోతే అటెండరును పిలిచి గట్టిగా నొక్కమంటారు. అప్పటికీ కాకపోతే 'లింకు తెరుచుకొనుట లేదు. పరిశోధకుడు స్వయముగా వచ్చి తెరవవలెను' అని రాసి వెనక్కి పంపిస్తారు.

మొదటి ఏడాదిలోనే ఫలితాలు కళ్ళకు కట్టాయి. రసాయనశాస్త్రం నుంచి ఒకావిడ తన బ్లాగులో, "ఈ ఉదయం నిద్ర లేవగానే నాకు హఠాత్తుగా ఒక ఆలోచన తట్టినది (అనుమతి పత్రము జతపరచడమైనది)" అని రాసింది. చరిత్ర విభాగంలో ఒకాయన, "బయట వానొస్తోంది, ఇవాళ పనిమీద మనసు పోవట్లేదు" అన్న పోస్టుకు అనుమతి అడిగాడు. అనుమతి వచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి. పాఠకుల్ని తప్పుదోవ పట్టించకూడదు కనుక వాన వచ్చేదాకా ఆగమన్నాం. వాన వచ్చేసరికి అనుమతికి గడువు తీరిపోయింది. ఆయన ఇప్పుడు వానల గురించి రాయడం లేదు. పరిశోధన కూడా మానేశాడని విన్నాను.

ఇంత చక్కగా సాగిపోతున్న వ్యవస్థకు అడ్డు తగిలింది మా మరదలు.

మరదలంటే మా ఆవిడకు చెల్లెలు. జంతుశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. వరండాల్లో ట్యూబులైట్ల చుట్టూ చేరే గోడబల్లుల్లో ఏ బల్లి ఏ చోటు పట్టుకుంటుంది, ఎందుకు పట్టుకుంటుంది అన్నది ఆమె విషయం. విశ్వవిద్యాలయంలో ఆమెను బల్లులమ్మాయి అంటారు. గోడవైపు తిరిగి మెడ పైకెత్తి నిలబడ్డ మనిషి కనిపిస్తే అది మా మరదలే. మాలాంటివాళ్ళం ఎన్ని చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంటుంది గానీ, ఆ అమ్మాయికి మాత్రం గోడ తిరిగి జవాబు చెబుతుంది.

ఆమె గైడును అందరూ చూద్దాం సార్ అంటారు. ఆయన ఏ ప్రశ్నకైనా "చూద్దాం" అనే అంటారు. గుడ్ మార్నింగ్ చెప్పినా అంతే.

మా విభాగం పుట్టక చాలా ముందునుంచే మరదలు బ్లాగు రాస్తోంది. ఎవరూ రాయమనలేదు. చూసింది చూసినట్టు, అనుకున్నది అనుకున్నట్టు, తప్పయితే మర్నాడు తప్పని రాసుకుంటూ పోయింది. ఒకచోట ఇలా ఉంటుంది:

"పురుగులు ఎక్కువ పడే చోట బలమైన బల్లి ఉంటుందనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే రాశాను. తప్పు. బలంతో పని లేదు. ఎవరు ముందొచ్చి కూర్చున్నారో చోటు వాళ్ళది. తర్వాత వచ్చింది ఎంత చురుకైనదైనా చీకటి మూల నుంచి చూస్తూ ఉండాల్సిందే. ముందొచ్చింది పురుగుల్ని పట్టడం మానేసినా సరే, లైటు కింద చోటు మాత్రం వదలదు."

ఎవరో ఇది ప్రింటు తీసి మా సహజత్వాధికారి గారికి చూపించారు. ఆయన రెండుసార్లు చదివి, "బల్లుల గురించే కదా" అని తిరిగిచ్చేశారు.

నాకా బ్లాగంటే ఇష్టం. ఉన్నమాట చెప్పాలంటే, మా విభాగం ఏ సహజత్వాన్నైతే పర్యవేక్షిస్తోందో దాన్ని నేను కళ్ళారా చూసింది అక్కడొక్కచోటే. (ఇది నా సొంత అభిప్రాయం. అనుమతికి పెట్టాను. ఇంకా రాలేదు.)

ఆ బ్లాగును మొదటినుంచీ వదలకుండా చదివేది మా అత్తగారు. ఆవిడకు బల్లులంటే చచ్చేంత భయం. ఫోనులో పోస్టు తెరిచి, బొమ్మ ఉన్నచోట అరచెయ్యి అడ్డం పెట్టుకుని, చుట్టూ ఉన్న మాటల్ని మాత్రం ఒక్కటీ వదలకుండా చదువుతారు. చదివాక కింద ఒక కామెంటు పెడతారు. ఏ పోస్టుకైనా అదే కామెంటు.

"తిన్నావా?"

మరదలికి చిన్నప్పటినుంచీ పనిలో పడితే తిండి గుర్తుండదు. ఆ సంగతి తల్లికి తెలుసు. జవాబు ఫోన్లో చెప్పొచ్చులే అని మరదలు అక్కడ ఏమీ రాసేది కాదు. ఆ ఫోనూ చేసేది కాదు. తర్వాతి పోస్టు కింద అత్తగారు మళ్ళీ అడిగేవారు.

మొత్తానికి థీసిస్ పూర్తయింది. ఒక మ్యూజియంలో బల్లులూ పాములూ ఉండే విభాగానికి మనిషి కావాలని, మరదల్ని ఎంపిక చేసి, డాక్టరేటు చేతికి రాగానే వచ్చి చేరమన్నారు. ఈ విద్యా సంవత్సరం దాటితే మాత్రం వేరేవాళ్ళను చూసుకుంటామన్నారు. ఆ ఉద్యోగం కోసం పుట్టినట్టే ఉంటుంది ఆ అమ్మాయి. జీవితంలో తనకు కావాలని నోరు తెరిచి అడిగింది కూడా ఆ ఒక్కటే.

థీసిస్‌ల పరిశీలన, వైవాలు కూడా మా విభాగానికే అప్పగించారు కనుక, థీసిస్ మా ఆఫీసుకు రాగానే కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో వేశాం. అది కాసేపు గిర్రున తిరిగాక తెరంతా ఎర్రబారిపోయింది. థీసిస్‌లో ముప్పాతిక భాగం ఒక బ్లాగు నుంచి ఎత్తి రాసినట్టు తేలింది.

సహజత్వాధికారి గారు మరదల్నీ గైడునూ పిలిపించారు. నేను మూలన కూర్చుని రాసుకుంటున్నాను. ఆఫీసులో నేను బావని కాదు. (మరదలి కేసులో బావ కూర్చోకూడదని రూల్సులో ఎక్కడా లేదు. రూల్సు రాసినవాళ్ళకు మరదళ్ళు లేరనుకుంటాను.)

"ఎవరిదమ్మా ఈ బ్లాగు?" అన్నారు అధికారి గారు.

"నాదేనండీ."

"నీదే అయితే ఇదంతా నువ్వు ఇదివరకే చెప్పేశావు. చెప్పేసినది కొత్త పరిశోధన ఎలా అవుతుంది?"

"కొత్తగా కనిపెట్టినప్పుడే చెప్పానండీ."

"అక్కడే పొరపాటు చేశావు. కనిపెట్టగానే ఎవరైనా చెప్పేస్తారా? పోనీ, నీది కాదనుకో."

"నాదేనండీ!"

"అనుకో అంటున్నాను. నీది కాకపోతే దొంగతనం. నీదైతే పాతది. రెండింట్లో ఏది రాసుకోమంటావు?"

మరదలు చూద్దాం సార్ వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "చూద్దాం" అన్నారు.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"ఏమండీ, దాని రాతలు అదే కాపీ కొట్టిందని మీరే రాశారట కదా?"

"నేను రాయలేదు, రాసుకున్నాను. రెండింటికీ తేడా ఉంది."

"ఏంటో ఆ తేడా?"

నేను చెప్పులు విడవడానికి వంగాను.

"మెట్ల కింద కుర్చీలో కూర్చుని ఊరందరి ఆలోచనలకీ స్టాంపులు వేస్తారు. మన పిల్లకి ఒక దారి చూపించలేరా?" అని మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దారి చూపించాను. నా సర్వీసులో నేను గర్వపడే సందర్భాల్లో ఇదొకటి. బ్లాగు రాసిన వ్యక్తి నుంచి తనకేమీ అభ్యంతరం లేదని ఒక లేఖ తెస్తే దొంగతనం అన్న మాట కొట్టుకుపోతుంది. మరదలు తనకు తానే ఒక లేఖ రాసుకుంది. 'గౌరవనీయులైన నాకు' అని మొదలుపెట్టి, వివరాలన్నీ చెప్పి, అనుమతి ఇవ్వవలసిందిగా కోరింది. నాలుగు రోజులాగి తనకు తానే అనుమతి ఇచ్చుకుంది. (వెంటనే ఇస్తే అధికారులు నమ్మరని నేనే ఆగమన్నాను.)

అధికారి గారు రెండు లేఖలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"అడిగినవారి సంతకమూ ఇచ్చినవారి సంతకమూ అచ్చం ఒకేలా ఉన్నాయే!"

"ఇద్దరూ ఒకరే కదండీ," అన్నాను.

"ఒకరైతే ఒకేసారి రెండు చోట్ల ఎందుకు సంతకం పెట్టినట్టు? నాకేదో తేడాగా ఉంది."

సంతకాలను నిపుణుల దగ్గరికి పంపాం. ఇద్దరూ ఒకరినొకరు చూసి నేర్చుకున్నట్టుందని వాళ్ళు నివేదిక ఇచ్చారు. అది అనుకూలమో ప్రతికూలమో తెలియక ఫైల్లో పెట్టేశాం. మరదలు రోజూ వచ్చి తలుపు దగ్గర నిలబడేది. కాళ్ళరిగేలా తిరుగుతోందని చూస్తూనే తెలుస్తోంది. వరండాలో బల్లులు కనిపించినా ఆగి చూడటం మానేసింది. అది చూసి నాకు నిజంగానే బాధేసింది.

"బావా, పోనీ బ్లాగు మొత్తం తీసేస్తే?" అని అడిగిందొకరోజు, గొంతు తగ్గించి.

"తీసేస్తే సాక్ష్యం మాయం చేసినట్టవుతుంది."

"మరి ఉంచితే?"

"ఉంచితే సాక్ష్యం."

అప్పుడు నాకు రూల్సు పుస్తకంలో ఇంకో దారి కనబడింది. తోటి నిపుణులు పరిశీలించిన పత్రిక ఏదైనా ఉంటే, అందులో పరిశోధకుడు ముందే అచ్చు వేయించుకున్నది థీసిస్‌లో వాడుకోవచ్చు. అది తప్పు కాదు సరికదా, గొప్ప. కాబట్టి ఈ బ్లాగును తోటి నిపుణులు పరిశీలించారని తేలితే చాలు. నేనే ఒక నోట్ పెట్టాను. మా విభాగం ప్రత్యేక సమావేశం జరిపి బ్లాగు మొత్తాన్ని ప్రింటు తీయించి బల్లమీద పరిచింది.

"ప్రతి పోస్టు కిందా ఎవరో పరిశీలకులు వ్యాఖ్య రాశారు," అన్నారు అధికారి గారు, కళ్ళజోడు సర్దుకుని. "ఒక్కటి కూడా వదల్లేదు. మన పత్రికల్లో వ్యాసం పంపిస్తే పరిశీలకులు ఏడాదిదాకా ఉలకరు పలకరు. ఈవిడ అదే రోజు స్పందించారు. ఎవరీవిడ?"

"అభ్యర్థిని తల్లిగారండీ. మా అత్తగారు."

"ఆవిడ అభిప్రాయం అన్నిచోట్లా ఒకే రకంగా ఉంది."

"అవునండీ."

"పొగడ్త లేదు, తెగడ్త లేదు. మొదటి పోస్టుకు ఏ కొలబద్ద పెట్టారో చివరి పోస్టుకూ అదే పెట్టారు. ఇంత నిష్పక్షపాతం నా సర్వీసులో చూడలేదయ్యా!"

హాస్య ఉపసంఘం వాళ్ళు కూడా ఆ కామెంటును పరిశీలించి అందులో హాస్యం ఏమీ లేదని ధ్రువీకరించారు. ఆ విధంగా బల్లుల బ్లాగుకు పత్రిక హోదా వచ్చింది. కాపీ మచ్చ చెరిగిపోయింది. వైవాకు తేదీ కూడా ఇచ్చారు. ఇంట్లో మా ఆవిడ ఆ పూట నాకు రెండుసార్లు వడ్డించింది.

అయితే పత్రికతో పాటు దాని తాలూకు రూల్సు కూడా వచ్చాయి. ఫలానా పత్రికలో వచ్చిన విషయం మీద వైవా జరిగేటప్పుడు, ఆ పత్రికను పూర్తిగా పరిశీలించిన నిపుణుల్లోంచి ఒకరిని బయటి పరీక్షాధికారిగా పిలవాలి. జాబితా తయారు చేయమన్నారు. చేశాను. జాబితాలో ఒక్కరే ఉన్నారు.

నేనే లేచి అడిగాను. ఎంతైనా నాకూ కాస్త న్యాయం తెలుసు.

"తల్లి కూతుర్ని పరీక్ష చేయడం బాగుంటుందంటారా?"

అధికారి గారు రూల్సు పుస్తకం తిరగేశారు. "పరీక్షాధికారి గైడుకు చుట్టం కారాదు అని ఉంది. ఆవిడ ఈయనకు చుట్టమా?"

చూద్దాం సార్ ఆలోచించి, "చూద్దాం" అన్నారు.

"కాదండీ," అన్నాను నేను.

"ఇంకేం మరి? అభ్యర్థికి చుట్టం కారాదని ఎక్కడా లేదు. లేనిదాన్ని మనం కల్పించకూడదు."

ఇంట్లో ఈ వార్త విని మా ఆవిడ గాల్లో తేలిపోయింది. "అమ్మ కంటే మంచి ఎగ్జామినరు ఎక్కడ దొరుకుతుందండీ! అయిపోయినట్టే! మ్యూజియం వాళ్ళకి చెప్పేయమంటాను." అత్తగారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"నాకు బల్లులంటే భయమే తల్లీ. అక్కడ బల్లులుంటాయా?"

"బొమ్మలే ఉంటాయి అత్తయ్యగారూ," అన్నాను. "ప్రశ్నలు నేను రాసిస్తాను. మీరు చదివితే చాలు. అన్నీ అయ్యాక, సంతృప్తి చెందారా అని అడుగుతారు. అవునండీ అనాలి. అంతే."

"అంతేనా అల్లుడుగారూ? అదెంత పని? పిల్ల బాగుంటే నాకు సంతృప్తే కదా."

వైవా రోజు వచ్చింది. అత్తగారు బట్టలు ఇస్త్రీ చేసుకుని, నేను రాసిచ్చిన ప్రశ్నల కాగితాన్ని కళ్ళజోడు పెట్టెలో మడిచి పెట్టుకుని, చేతిలో ఒక డబ్బాతో వచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ డబ్బా ఆపేశాడు. అభ్యర్థికీ పరీక్షాధికారికీ మధ్య తినే వస్తువులు చేతులు మారితే అది లంచం కిందికొస్తుంది. (ఆ రూల్ రాసింది నేనే. అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.) డబ్బా వాచ్‌మన్ బల్ల మీద ఉండిపోయింది.

మరదలు తెల్లారకముందే వచ్చి ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. వైవాకు ముందు ఎవరికీ ఏమీ బాకీ లేదని సంతకాలు తెచ్చుకోవాలి. లైబ్రరీ వాళ్ళు పెట్టారు, హాస్టలు వాళ్ళు పెట్టారు. ప్రయోగశాల స్టోర్సు వాళ్ళు మాత్రం బల్లుల్ని తిరిగి అప్పజెబితే గానీ పెట్టమన్నారు. నేను బల్లుల్ని తీసుకోలేదు, దూరంనుంచి చూశానంతే, అని మరదలు చెప్పింది. చూసినవాటిని చూసినట్టే ఉంచావని ఎవరు చెప్పాలి, అన్నారు వాళ్ళు. చివరికి వరండాలో లైటు కిందికి స్టోర్సు గుమాస్తాను తీసుకెళ్ళి బల్లుల్ని చూపించి, ఆయన అన్నీ యథాతథంగా ఉన్నాయని రాసిచ్చాక, ఒగరుస్తూ హాలుకు పరుగెత్తుకొచ్చింది.

హాల్లో అధికారి గారు మధ్యలో, చూద్దాం సార్ కిటికీ పక్కన, రాసుకోవడానికి నేను చివర్లో కూర్చున్నాం. అత్తగారిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. లైట్లు తగ్గించి తెర మీద మొదటి బొమ్మ వేశారు. తలుపంత బల్లి. అత్తగారు గతుక్కుమని తెర మీంచి చూపు తిప్పేసి గోడవైపు చూశారు. గోడ మీద నిజం బల్లి ఉంది. అక్కడినుంచి కూడా చూపు తిప్పేశారు. ఇక ఆ హాల్లో భయం లేకుండా చూడటానికి ఆవిడకు మిగిలింది కూతురి ముఖం ఒక్కటే.

మరదలు ఎంత బాగా చెప్పిందో నేను చెప్పలేను. బల్లులు ముందొచ్చినవాటికి ఎందుకు తలొగ్గుతాయో, ఏ రోజు ఏ చిన్న బల్లి ఎదురు తిరిగిందో, వరండా లైటు మాడిపోయిన రోజు ఏం జరిగిందో, కళ్ళకు కట్టేలా చెప్పింది. చూద్దాం సార్ కూడా తెరవైపు తిరిగారు. అత్తగారు మాత్రం మొదటినుంచి చివరిదాకా రెప్ప వేయకుండా అభ్యర్థిని ముఖాన్నే చూస్తూ కూర్చున్నారు. ఒక పరీక్షాధికారి అభ్యర్థి ముఖాన్ని ఇంత శ్రద్ధగా చూడటం మా విశ్వవిద్యాలయంలో ఇదే మొదటిసారి.

లైట్లు వేశారు. "ప్రశ్నలు అడగండమ్మా," అన్నారు అధికారి గారు.

అత్తగారు కళ్ళజోడు పెట్టె తెరిచారు. కాగితం తీశారు. కాగితం మీదికి వంగబోయి, మరోసారి కూతురివైపు చూశారు. కాగితం అలాగే చేతిలో ఉండిపోయింది.

"తిన్నావా?" అన్నారు.

నేను మరదలి వైపు చూసి తల ఊపాను. ఊఁ అను, తిన్నాననేయ్, అని కళ్ళతోనే బతిమాలాను. కానీ ఆ అమ్మాయి ఇన్నేళ్ళూ చూసింది చూసినట్టు, ఉన్నది ఉన్నట్టు రాయడమే నేర్చుకుంది.

"లేదమ్మా," అంది.

"పొద్దున్న?"

"లేదు."

"ఒక్క నిమిషం," అన్నారు అధికారి గారు. "రెండోది అనుబంధ ప్రశ్న. మొదటి ప్రశ్న కిందే రాసుకోండి. అమ్మా, ఇంకా ప్రశ్నలున్నాయా?"

"ఇంకేం అడగమంటారండీ? పిల్ల ముఖం చూడండి, ఎలా పీక్కుపోయిందో! ముందు దాన్ని తిననివ్వండి. బల్లులెక్కడికి పోతాయి?"

"అలాగే. రూల్ ప్రకారం చివరగా ఒక్కటి. అభ్యర్థిని చెప్పిన సమాధానంతో మీరు సంతృప్తి చెందారా?"

అత్తగారు నావైపు చూడలేదు. నేనేం చెప్పమన్నానో ఆవిడకు గుర్తు కూడా లేదు.

"ఎలా చెందుతానండీ!" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.

నేను లేచి, ఆవిడ ఉద్దేశం అది కాదని చెప్పబోయాను. సభ్య కార్యదర్శి రాసుకోవాలే గానీ మాట్లాడరాదని అధికారి గారు గుర్తుచేశారు. చూద్దాం సార్ లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి, "చూశాంగా, బాగానే చెప్పింది" అన్నారు. గైడు అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోరాదని రూల్స్‌లో ఉంది.

తీర్మానం రాసింది నేనే. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. 'బయటి పరీక్షాధికారిణి అడిగిన ఏకైక ప్రశ్నకు అభ్యర్థిని సంతృప్తికరమైన సమాధానం ఇవ్వలేకపోయినది. ఈ ప్రశ్న అభ్యర్థినికి కొత్తది కాదు. ప్రతి పోస్టు కిందా ముందుగానే తెలియజేయబడినది. సిద్ధపడుటకు తగినంత వ్యవధి ఇవ్వబడినది. కావున వచ్చే విద్యా సంవత్సరంలో మరల హాజరు కావలెను.' మ్యూజియం వాళ్ళు వేరొకరిని తీసుకున్నారు. ఈ అనుభవం మీద తన మనసుకు తోచింది తోచినట్టు ఒక పోస్టు రాయవచ్చని మరదలికి తెలియజేశాం. దరఖాస్తు ఇంకా రాలేదు.

బయట వాచ్‌మన్ బల్ల దగ్గర తల్లీ కూతుళ్ళిద్దరూ నిలబడే ఉన్నారు. వైవా ముగిసింది కాబట్టి డబ్బా ఇచ్చేయవచ్చని నేనే సంతకం పెట్టి విడుదల చేయించాను. మరదలు అక్కడే, మెట్ల మీద కూర్చుని తింది. అత్తగారు పక్కన కూర్చుని చూశారు. అప్పుడు మాత్రం ఆవిడ సంతృప్తి చెందినట్టే కనిపించారు గానీ, అప్పటికే తీర్మానం టైపుకు వెళ్ళిపోయింది.

నేను ఆఫీసు మూసుకుని ఇంటికి వెళ్ళాను. అత్తగారూ, మరదలూ, మా ఆవిడా ముగ్గురూ ముందుగదిలోనే ఉన్నారు. చెప్పులు విడిచాను. కాళ్ళు కడుక్కున్నాను. వచ్చి బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఎదురుచూశాను. నన్ను మాత్రం ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.